బండి అంటే ఒక ధర, సైకిల్ అంటే ఒక ధర

జనగామ బజారులో మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దానికి కలిసే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్, దారపు రీలు, హుక్కులు ఇస్తాం. తాత పెట్టాడు, నాయిన నడిపాడు, ఆ తర్వాత మా ఆయన. మా ఆయన పోయిన దగ్గరి నుంచి నేను చూసుకుంటున్నాను. ఒక పక్క చెప్పుల దుకాణం, ఇంకో పక్క స్టీలు సామాను. వాటి మధ్యే నడక నేర్చుకున్నాను, అక్కడే బేరమూ నేర్చుకున్నాను. ఆ రెండో విద్య ఎంత ముదిరిందంటే, కూరగాయలమ్మ నన్ను దూరం నుంచి చూడగానే టమాట ధర పెంచి పెట్టుకుంటుంది. డాక్టరు పది రోజులకు గోళీలు రాస్తే, ఆరు రోజులకు సరిపెట్టరాదా అని అడిగిన మనిషిని.

ఆ గోళీలు మోకాలివి. యాభై దాటిన రెండేళ్లకు నా కుడి మోకాలు ఎదురుతిరిగింది. ఇంటి నుంచి దుకాణానికి రెండు కిలోమీటర్లు, మధ్యలో బ్రిడ్జి ఎక్కాలి. ఇన్నేళ్లూ నడిచే పోయాను. ఇప్పుడు సగం బ్రిడ్జికే మోకాలు ఉబ్బుతోంది. ఆటో కోసం ఒక నెల నిలబడి చూశాను. ఆటో నిండితేగాని కదలదు, కదిలినా మా ఇంటి ముందు ఆగదు. ఇక మిగిలింది తమ్ముడి మోటార్ సైకిల్. వాడిది సిమెంటు దుకాణం. లోడు దింపించి, కూలీలకు చెప్పి, చాయ్ తాగి నా దగ్గరికి వచ్చేసరికి పది దాటేది. నేను షట్టర్ ఎత్తేసరికి పదకొండు.

పదకొండుకు తెరిస్తే అది మ్యాచింగ్ సెంటర్ కాదు. లింగాల ఘనపూర్, రఘునాథపల్లి నుంచి ఆడవాళ్లు పొద్దున బస్సుకు దిగుతారు. తొమ్మిదింటికి చీర పట్టుకుని మా మెట్ల ముందు ఉంటారు. ఎండెక్కకముందే ఇంటికి పోవాలి వాళ్లకు. మా షట్టర్ మూసి ఉంటే నాలుగు అడుగులు వేసి ఇంకో దుకాణానికి పోతారు. రెండు నెలల్లో సగం మంది అట్లాగే పోయారు.

అప్పుడు తమ్ముడు కిరాయి మాట ఎత్తాడు.

"అక్కా, సెల్‌ఫోన్లు అమ్మెటాయన అడుగుతున్నడు. నెల నెల ఇంటికే పంపిస్తడు. కాలు మీద కాలేసుకొని కూసో."

"కాలు మీద కాలేసుడు అయితే ఈ పరేషాన్ ఎందుకురా? అదే ఐతలేదు గద."

"మస్కిరీ కాదు. సోమవారం తొమ్మిదిన్నరకు ఆయన్ను తోల్కొస్తా. జాగ చూసుకుంటడు. పదకొండు దాక మూసి ఉండే దుకాణం నువ్వెందుకు పట్టుకొని కూసున్నవ్?"

వాడు చెడ్డవాడు కాదు. నా మోకాలు చూసి బాధపడ్డవాడే. కాని దుకాణం పోతే నాకు మిగిలేది మోకాలొక్కటే అని వాడికి తోచలేదు. సోమవారానికి ఐదు రోజులుంది. ఆ రోజు తొమ్మిదింటికి నా అంతట నేనే షట్టర్ ఎత్తి ఉండాలని పట్టుబట్టాను. ఎట్లా ఎత్తుతానో నాకే తెలియదు.

స్కూటీ నా వల్ల కాదు. ఒకసారి నేర్చుకోబోయి చెప్పుల దుకాణంలోకి పోయాను. దాన్ని కాలితో ఆపి నిలబెట్టాలంటే మోకాలికి ఆపరేషనే. డాక్టరునే అడిగాను. "సైకిల్ తొక్కితే మంచిదే, కాని బలం పెట్టి తొక్కొద్దు" అన్నాడు. బలం పెట్టకుండా తొక్కే సైకిల్ ఎక్కడుంటుందని నేను నవ్వాను. ఉంటుందని ఆయన చెప్పాడు. బ్యాటరీది.

శనివారం పొద్దున్నే పోయాను. శనివారం ఇనుము కొనకూడదని మా దగ్గర పట్టింపు. అంటే ఆ రోజు సైకిళ్ల దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ ఉండరు. వచ్చిన ఒక్కదాన్నీ ఉత్త చేతులతో పంపడానికి యజమానికి మనసొప్పదు. ఎంత అడిగితే అంత తగ్గిస్తాడు. దారంతా ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

యజమాని నా కంటే చిన్నవాడు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. నాకు కావలసినదాని వంక చూడకుండా, పిల్లలు ఎగబడే లావు టైర్లదాన్ని పట్టుకుని, "గిదెంత తమ్మీ" అన్నాను. మా ఇంటి పద్ధతి అది. కొనేదాన్ని ముందు ముట్టుకోకూడదు.

"అది మీకు కాదక్కా. మీకు గీ లేడీస్ మోడల్ మంచిగుంటది. పింకు."

"పింకు కాదది, ఉల్లిపొర రంగు."

"ఏదో ఒకటి అక్కా."

"నా దుకాణంల ఏదో ఒకటి అంటే జాకెట్ ఖరాబైతది. ధర చెప్పు. శనివారం వచ్చిన, యాది పెట్టుకో."

అతను నెమ్మదిగా ఆ సైకిల్ గొట్టం మీద వేలితో కొట్టాడు.

"శనివారం పట్టింపు ఇనుముకు అక్కా. గిది అల్యూమినియం."

నా బేరం మొదటి మెట్టు మీదే జారిపోయింది. ముప్ఫై వేల పైచిలుకు చెప్పాడు. సైకిల్‌కు అంతా అన్నాను.

"ఇది సైకిల్ కాదక్కా, బండి. మోటారుంది, లైటుంది. తొక్కుడు షురూ చేస్తే మోటారు అందుకుంటది. కాలు నొస్తే హ్యాండిల్ తిప్పుండ్రి, తొక్కకుండనే పోతది. పెట్రోలు లేదు."

"బండి అయితే మరి లైసెన్సు?"

"అక్కర లేదు. సైకిలే గద."

"నంబరు ప్లేటు?"

"సైకిల్‌కు నంబరు ఎందుకక్కా?"

"సైకిలే అయితే సైకిల్ ధర చెప్పు మరి."

"ధర కాడికొస్తే బండి."

అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను. కాని నవ్వులోనే లెక్క అర్థమైంది. పోలీసు అడిగితే సైకిల్, నేను అడిగితే బండి. అయితే ఆ తిరకాసు నాకూ పనికొస్తుంది. కాబట్టి అన్నాను: "బండికైతే బండి తీరు సర్వీసింగు ఉండాలె. ఆగిపోతే నేను నెట్టుకొని రాను. నీ మనిషి నా దుకాణానికి రావాలె. సైకిలంటవా, సైకిల్‌కు స్టాండు, తాళం, క్యారేజీ ఉత్తగనే వస్తయి."

"మీరు ఏడ ఉంటరక్కా?" అని అడిగాడు, కొంచెం భయంగా.

సైకిల్ మీద రాసున్న కంపెనీ పేరు నాయిన నాటిది. స్టేషన్ నుంచి నల్ల సైకిల్ మీద గుడ్డ తానులు కట్టి తెచ్చేవాడు, ఆ సైకిల్ చేసిన కంపెనీయే ఇది. అతను దాన్నీ అమ్మబోయాడు. "పాత కంపెనీ అక్కా, నమ్మకం."

"మా నాయిన సైకిల్‌కు బ్యాటరీ లేదు తమ్మీ. కంపెనీ పాతదైతే బ్యాటరీ పాతవడకుండ ఉంటదా?"

పైకి అట్లా అన్నాను గాని నా మనసు ఆ కంపెనీ వైపే ఉంది, పేరు చూసి కాదు. టైరు, చైను, బ్రేకు రబ్బర్లు, పెడళ్లు ఏ పంక్చర్ కొట్టులోనైనా దొరికేవే. కొత్త కంపెనీవాళ్లవి నట్టు పోయినా హైదరాబాద్ నుంచి రావాలి. పాతదాంట్లో సగం ఎవరికైనా వచ్చిన పనే. మిగిలిన సగమే, మోటారూ బ్యాటరీ, నన్ను భయపెట్టింది.

మా దుకాణంలో గుడ్డ కొనేవాళ్లు లోపలి లైటును నమ్మరు. తానును బయటికి లాక్కెళ్లి, ఎండలో చీర పక్కన పెట్టి చూస్తారు. ఎంత విసుక్కున్నా నేనూ అదే జాతి. "వెనక చక్రం విప్పి, మళ్ల పెట్టి చూపియ్యి" అన్నాను.

"ఇప్పుడా?"

"రేపు పంక్చరైతే అప్పుడు నేర్చుకుంటవా, నా మీద?"

పంక్చర్లు వేసే పెద్దాయన గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి చక్రం మధ్యలో లడ్డూలాంటి మోటారును, దాని నుంచి వచ్చే వైరును చూశాడు.

"బిడ్డా, నలభై ఏండ్ల సంది చక్రాలు విప్పుతున్న. ఈ వైరు విప్పితే మళ్ల పడ్తదో లేదో నాకు ఎరుక లేదు."

ఆ దుకాణంలో నేను నమ్మిన మొదటి మాట అది. యజమాని సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూసి చెబుతుంటే, ఆయన విప్పాడు, పెట్టాడు. మొదటిసారి చక్రం వెనక్కి తిరిగింది. రెండోసారి సరిపడింది. మూడోసారి ఫోన్ చూడకుండా పెట్టించాను. అప్పటికి యజమాని నీళ్లు తానే తాగుతున్నాడు.

అంతవరకు బేరం నా చేతిలోనే ఉంది. తప్పు ఆ తర్వాత జరిగింది. ఒకసారి తొక్కి చూస్తానన్నాను.

చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. మధ్య గొట్టం కిందికి ఉండడంతో కాలు ఎత్తే పని లేదు. రెండుసార్లు తొక్కగానే వెనక నుంచి ఎవరో మెల్లగా చెయ్యి వేసినట్టయింది. సందు చివరి దాకా పోయి రావాలి నేను. సందు దాటాను, మెయిన్ రోడ్డు దాటాను, బ్రిడ్జి ఎక్కాను. ఎక్కుతున్నంతసేపు మోకాలి కోసం ఎదురుచూశాను, అది నోరు మెదపలేదు. పైన ఆగి, కింద పట్టాల మీద పోయే గూడ్సు డబ్బాలు ఒక్కొక్కటి చూశాను. రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు ఇద్దరు, "అగో, అవ్వ సైకిలెక్కింది" అన్నారు. గంట కొట్టాను. ఇంకోసారి కొట్టాను. నవ్వితే నవ్వనీ, వాళ్లేం నా షట్టర్ ఎత్తుతారా.

తిరిగొచ్చేసరికి అరగంట దాటింది. యజమాని రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. నేను దిగి మొహం మాడ్చుకుని, "సీటు గట్టిగుంది, బ్రేకు ఆలస్యం" అన్నాను.

"అక్కా," అన్నాడు, "అద్దంల మీ ముఖం చూసుకోండ్రి. ఇగ నేను రూపాయి తగ్గియ్య."

తగ్గించలేదు. మూడు తరాల దుకాణం బిడ్డను, ముఖం దాచుకోలేక ఓడిపోయాను. కాని క్యారేజీ, స్టాండు, తాళం, ముందు బుట్ట తెచ్చుకున్నాను. సంవత్సరం పాటు ఆగిపోతే మనిషి వస్తాడని బిల్లు వెనక రాయించి సంతకం పెట్టించుకున్నాను. వద్దు వద్దంటూనే ఉల్లిపొర రంగుదే తెచ్చాను. క్యారేజీ పట్టేది అదొక్కటే.

సాయంత్రం తమ్ముడు వచ్చి వాకిట్లో దాన్ని చూశాడు.

"ఏందక్కా ఇది? బండి అయితే నీకు రాదు. సైకిలయితే గీ వయసుల నలుగురు నవ్వుతరు."

"రెండూ కాదురా. నాది."

"శనివారం నాడు ఇనుము తెచ్చినవా?"

"అల్యూమినియం."

వాడు గొట్టం మీద వేలితో కొట్టి చూశాడు. "మళ్ల కింద పడితే?" అని గొణిగాడు.

"పడితే లేస్త. దుకాణం పడితే ఎవడు లేపుతడు?"

"సోమవారం ఆయన వస్తడు. మాటిచ్చిన," అని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున, సాయంత్రం మా వీధిలో తిప్పాను. మూల మీద ఇసుకలో జారి మోచెయ్యి గీరుకుంది. పొడుగు చేతుల జాకెట్ వేసుకున్నాను. బ్యాటరీ ఊడదీసి మెట్లెక్కించి వంటింట్లో ఛార్జింగ్ పెట్టాను. అన్నం కుక్కర్ కన్నా దాన్నే ఎక్కువసార్లు తొంగి చూశాను.

సోమవారం ఎనిమిదిన్నరకు బయలుదేరాను. బ్రిడ్జి మీద గాలి ఎదురుగా కొట్టింది, మోటారు మూలిగింది, తొక్కాను. తొమ్మిదికి పది నిమిషాలుండగా షట్టర్ ఎత్తాను. ఎత్తేటప్పుడు మోకాలు కలుక్కుమంది. అబద్ధం చెప్పను, నొప్పి పోలేదు. దుకాణం దాకా మాత్రం నన్ను తెచ్చింది.

పావుగంటకు రఘునాథపల్లి నుంచి ముగ్గురు వచ్చారు, పెళ్లి బట్టలు. పెద్దామె నన్ను చూసి, "బతికే ఉన్నవా అక్కా? మూసేసినవనుకున్నం" అంది.

"మూసేటిదైతే ఎందుకు తెరుస్త? చీరలు తియ్యండ్రి."

తొమ్మిది చీరలు. ఒక్కటీ సులువు రంగు కాదు. ఒకామె చిలకపచ్చ తాను ఎండలోకి లాక్కెళ్లింది, ఇంకొకామె బచ్చలిపండు రంగుది. కౌంటర్ మీది నుంచి మెట్ల దాకా గుడ్డలే పరుచుకున్నాయి. తమ్ముడు, వాడి వెనక సెల్‌ఫోన్ల ఆయన వచ్చేసరికి మెట్టు మీద కాలు పెట్టే జాగా లేదు. ఆయన చెప్పులతో అటూ ఇటూ చూసి కిందే ఆగిపోయాడు.

"అన్నా, ఏ రంగు కావాలె?" అన్నాను.

"కాదమ్మా, నేను జాగ చూసుడుకు..."

"చీర తెచ్చినవా? చీర లేంది నేను మ్యాచింగ్ ఇయ్య. తర్వాత మీ ఇంట్లామె నన్ను తిడ్తది."

ముగ్గురూ నవ్వారు. ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు గోడకు ఆనించిన ఉల్లిపొర రంగు సైకిల్ వైపు, గుడ్డల వైపు, చివరికి నా వైపు చూశాడు.

"ఇప్పుడు తీరిక లేదన్నా," అన్నాడు వాడే ఆయనతో. "ఖాళీ లేదు ఇది."

ఆయన వెళ్లిపోయాడు. తమ్ముడు చెప్పులు విడిచి, గుడ్డలు తొక్కకుండా పక్క నుంచి పైకి వచ్చాడు. ఏదో అనబోయాడు. పెద్దామె తొందరపెడుతోంది, పన్నెండు మీటర్లు లైనింగు కోయాలి.

"ఊకె నిలవడకు," అన్నాను. "గీ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. నేను మీటరు కర్ర తీసి కొలవడం మొదలుపెట్టాను.