అయోవాలో మూడోసారి అడిగిన ప్రశ్న

ఎనభయ్యో సంవత్సరం అక్టోబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికలు చూసి రమ్మని మా పత్రిక నన్ను నెల రోజులకు పంపింది. బయల్దేరే ముందు ఎడిటరుగారు ఒక్కటే చెప్పారు. "ఉన్నాయన ఉంటాడా, రావాలనుకునేవాడు వస్తాడా, అది రాయండి. ప్రకృతి వర్ణనలు తగ్గించండి."

మన దగ్గరయితే ఇది నాకు పెద్ద పని కాదు. బస్టాండు ఎదుట హోటల్లో ఒక పూట, కోర్టు ఆవరణలో ఒక పూట, మంగలి షాపులో అరగంట కూర్చుంటే నియోజకవర్గంలో గాలి ఎటు ఉందో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే రాశాను. సగం సార్లు నిజమైంది, మిగతా సగం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

షికాగో శివారు షామ్‌బర్గ్‌లో మా ఆవిడ తమ్ముడు ప్రసాద్ ఇంట్లో దిగాను. వాల్తేరులో లెక్కలు చదివినవాడు. జనం ఎవరికి ఓటు వేస్తారో ముందుగా కొలిచే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆ వారం వాళ్ల కంపెనీ అయోవా రాష్ట్రాన్ని కొలుస్తోంది. అక్కడి ఒక దినపత్రిక ఆదివారం సంచికలో ఆ ఫలితం వేస్తుంది. అంతా అయిపోయింది గానీ ఒక కౌంటీ దగ్గర, అంటే వాళ్ల జిల్లా దగ్గర, బండి ఆగిపోయింది. వెళ్లినవాళ్లందరి మొహం మీద అక్కడివాళ్లు తలుపులు వేసేశారు.

"ఆ కౌంటీని ర్యాండమ్‌గా పిక్ చేసింది నేనే బావగారూ," అన్నాడు ప్రసాద్ భోజనం దగ్గర. "అందుకని డోరతీ నన్నే వెళ్లమంటోంది. ఈసారీ ఖాళీ చేతులతో వస్తే ఆ పేపర్ కాంట్రాక్ట్ పోతుంది, దాంతో నా జాబ్ పోతుంది. నా గ్రీన్‌కార్డ్ పేపర్స్ ఆవిడ టేబుల్ మీదే ఉన్నాయి. ఇంకా సైన్ చేయలేదు."

డోరతీ ఆ కంపెనీ యజమానురాలు. ఆమె పేరు చెప్పినప్పుడల్లా ప్రసాద్ అన్నం కలపడం ఆపేస్తున్నాడు.

"నేనూ రావచ్చా?" అన్నాను.

"వచ్చి కూర్చోవచ్చు. కానీ మీరు నోరు తెరవకూడదు. మీరు ప్రశ్నలడిగితే జవాబులు మారిపోతాయి," అన్నాడు. నా వృత్తి గురించి ఇంత సూటిగా చెప్పిన మనిషి మరొకడు లేడు.

ప్రసాద్ బుధవారమే కార్‌లో వెళ్లిపోయాడు. నాకు షికాగోలో ఒక పని ఉండి గురువారం బయల్దేరాను. ఉదయం ఆరున్నరకు ప్రసాద్ భార్య సుజాత నన్ను పక్క ఊరి రైల్వే స్టేషన్‌లో దింపింది. "అన్నయ్యగారూ, పులిహోర ప్యాక్ చేశాను, బస్సులో తినండి," అంది. ఆ పొట్లం ఆమె కార్‌లోనే ఉండిపోయిందని రైలు కదిలాక గుర్తొచ్చింది.

రైలు గంటలోపే షికాగో చేర్చింది. అక్కడ పని ముగించుకుని పది గంటల బస్సెక్కాను. వెళ్లేవారు ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి, కుడివైపు హీటర్ కాళ్లు కాలుస్తుంది. ఊరు దాటాక ఇక మొక్కజొన్నే. అటు మొక్కజొన్న, ఇటు కోసేసిన మొక్కజొన్న. ఎడిటరుగారి మాట ప్రకారం వర్ణన ఇంతటితో ఆపుతున్నాను.

పక్క సీటులో విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకున్న ముసలాయన. మధ్యాహ్నం బస్సు మిసిసిపీ వంతెన ఎక్కుతుండగా కాగితం సంచి విప్పి రెండు సాండ్‌విచ్‌లు తీశాడు. ఒకటి నా వైపు చాపి, "తింటావా?" అన్నాడు.

"వద్దండి," అన్నాను, మర్యాదస్తుడైన ఏ మనిషైనా అన్నట్టే.

"సరే," అని రెండూ తినేశాడు. నది కూడా చాలా పెద్దది, దాటడానికి బాగా సమయం పట్టింది. ఆయన రెండో సాండ్‌విచ్ చివరి ముక్క దాకా చూస్తూ దాటాను.

రెండున్నరకు ఆ కౌంటీ ముఖ్యపట్టణంలో దిగాను. ఒక వీధి, ఒక కోర్టు భవనం, ధాన్యం నిలవచేసే పొడుగాటి గుండ్రటి గిడ్డంగులు. ప్రసాద్ కోసం చూస్తూ అక్కడున్న ఒకే ఒక హోటల్లో కాఫీ తీసుకున్నాను. పాత అలవాటు ఊరుకోనివ్వక, "ఇక్కడ గాలి ఎటు ఉంది?" అని కౌంటర్ దగ్గరి నలుగురినీ అడిగాను.

"వాయవ్యం," అన్నాడొకడు, కిటికీలోంచి చూసి.

"ఎన్నికల మాట అడుగుతున్నాను."

వంటాయన గరిటె ఎత్తాడు. "ఈ కౌంటర్ దగ్గర రాజకీయాలు, మతం, ఫుట్‌బాల్ మాట్లాడం." తర్వాత వాళ్లు ముప్పావుగంట ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకున్నారు.

ఇంతలో ప్రసాద్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నిన్నటి నుంచి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ జవాబు దొరికిందట! ఒక్కరూ కాదనలేదట. ఎలాగో చూపిస్తానని అప్పుడే కార్‌లో ఎక్కించుకున్నాడు.

మొదటి ఇల్లు పందుల పెంపకందారుది. ప్రసాద్ తనెవరో చెప్పి ప్రశ్న అడగ్గానే, "నాకు ఆసక్తి లేదు," అన్నాడాయన. నేను కారు వైపు తిరిగాను. ప్రసాద్ తిరగలేదు.

"మీ పందులు బాగున్నాయండీ," అన్నాడు. పది నిమిషాలు పందుల మాటలు. మళ్లీ అడిగాడు. "చెప్పనన్నానుగా," అన్నాడాయన, ఈసారి కొంచెం మెత్తగా. ప్రసాద్ కంచె మీద చేతులాన్చి ఈ ఏడు వానల సంగతి విని, మూడోసారి అడిగాడు.

"అసలు సంగతి ఏమిటంటే," అన్నాడు పెంపకందారు గొంతు తగ్గించి, "ఆ ఎర్ర పందికి ఉన్నాయన పేరు పెట్టాను. ఆ మచ్చలదానికి వస్తాననేవాడి పేరు. ఎన్నికల నాటికి ఏది ఎక్కువ బలుస్తుందో చూస్తాను."

"బలిసినదానికి ఓటు వేస్తారా?" నేను ఉండబట్టలేక అడిగేశాను.

"బలిసినదాన్ని అమ్మేస్తా. మిగిలినదానికి వేస్తా."

ప్రసాద్ నా వైపు ఉరిమి చూసి, 'ఇంకా తేల్చుకోలేదు' అని రాసుకున్నాడు.

కార్‌లో అడిగాను, "ఇదేం పద్ధతిరా?"

"మన పద్ధతే కదా బావగారూ. ఇంటికొచ్చినవాణ్ణి కాఫీ తాగుతారా అంటే వద్దంటాడు. అది మర్యాద. రెండోసారి వద్దంటే మొహమాటం. మూడోసారి చెప్పేదే జవాబు. మా కంపెనీ రూల్ బుక్‌లోనూ ఉంది, మూడు ప్రయత్నాలు చేయకుండా ఏ ఇంటినీ వదలకూడదని. డోరతీ మనవాళ్లను ఇంత బాగా అర్థం చేసుకుందని నేననుకోలేదు!"

ఆ రాత్రి మోటెల్‌లో ఇద్దరికీ కలిపి ఒకే గది. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు పలచన. వెళ్లేవారు స్వెటర్ మరిచిపోవద్దు. పొద్దున్న ప్రసాద్ బ్రెడ్ కొందామంటే నేను వద్దన్నాను. బావమరిది చేత ఖర్చు పెట్టించడం నాకిష్టం ఉండదు. వాడు మాత్రం అమెరికాలో ఉండి పాడైపోయాడు, నన్ను రెండోసారి అడగలేదు.

శుక్రవారం సాయంత్రానికి ఒక్క ఇల్లు మిగిలింది. రిటైరైన టీచరమ్మ ఎడ్నాగారిది. తెల్ల చెక్క ఇల్లు, వాకిట్లో చెవులు వేలాడే కుక్క. మేమెవరో ప్రసాద్ చెప్పాక ఆమె లోపలికి రానిచ్చింది గానీ ప్రశ్న వినగానే కళ్లద్దాల పైనుంచి చూసింది.

"నా ఓటు నా భర్తకే ఎప్పుడూ చెప్పలేదు. నీకు చెబుతానా?"

ప్రసాద్ ఆమె కుక్క గురించి, ఆమె పాఠాలు చెప్పిన బడి గురించి మాట్లాడి రెండోసారి అడిగాడు. "లేదు," అంది. ఈ ఇల్లు పోతే కౌంటీ పూర్తి కాదు.

ఈలోగా ఆమె అలమర తెరిచి 'ఆపిల్ పై' అనే పిండివంట బయటికి తీసింది. మన కజ్జికాయను పళ్లెమంత చేసి లోపల ఆపిల్ ముక్కల పాకం పోసినట్టుంటుంది. వాసన నా పొట్ట దాకా వచ్చింది. "ఒక ముక్క తింటావా?" అని నన్నడిగింది.

"వద్దండి, ఇప్పుడే తిన్నాం."

ఆమె దాన్ని లోపల పెట్టి అలమర తలుపు మూసేసింది.

నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. ప్రసాద్ మాత్రం ఉద్యోగం పోయే ఘడియ అని కూడా చూడకుండా పకపకా నవ్వేశాడు.

"ఏమిటా నవ్వు?" అందామె, బడిలో అడిగినట్టు.

"క్షమించండి. ఆయన నిన్నటి నుంచి ఏమీ తినలేదు. మా వైపు మొదటిసారి అడిగితే వద్దనాలి. మూడోసారి అడిగితేనే నిజం చెబుతాం."

"అంటే నిన్నటి నుంచి ఈయన ఆకలితో అబద్ధమాడుతున్నాడా?"

"మర్యాదగా ఆడుతున్నాడండీ."

ఆమె మళ్లీ అలమర తెరిచింది. దాన్ని బల్ల మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "రెండోసారి. తింటావా?"

అన్నం అడుక్కున్నట్టు అప్పుడే ఒప్పుకోవడం బాగుండదు. "మీకెందుకండీ శ్రమ," అన్నాను.

"బాప్‌రే!" అని ప్రసాద్ నెత్తి పట్టుకున్నాడు.

"మూడోసారి. తింటావా, కుక్కకు పెట్టనా?"

"కొంచెం," అన్నాను.

ఆమె సగం కోసి నా పళ్లెంలో పడేసింది. నేను తింటుంటే నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. తర్వాత ప్రసాద్ వైపు తిరిగి, "నన్ను ఎన్నిసార్లు అడిగావు?" అంది.

"రెండుసార్లండీ."

"మరి చూస్తావేం? అడుగు!"

ప్రసాద్ అడిగాడు. ఆమె నోరు తెరిచి, నన్ను చూసి ఆగిపోయింది. "ఈయన పత్రికవాడన్నావు కదూ? బయటికి పంపు." నేను పళ్లెంతో సహా వాకిట్లోకి వెళ్లాను. కుక్కా నేనూ మిగిలిన ముక్క పంచుకున్నాం. లోపల ఆమె ఎవరి పేరు చెప్పిందో ప్రసాద్ ఈనాటి వరకు నాకు చెప్పలేదు. నేను చాలాసార్లే అడిగాను.

శనివారం తెల్లవారుజామున బయల్దేరి పదిన్నరకు షికాగోలో వాళ్ల ఆఫీస్‌కి చేరాం. డోరతీ పొట్టి మనిషి, పెద్ద గొంతు. కాగితాలు అటూ ఇటూ తిప్పింది. ఆమె మొహంలో సంతోషం లేదు.

"ముగ్గురు అనుభవజ్ఞులు వెళ్తే తలుపులు వేశారు. నీకు ఒక్కరూ కాదనలేదా? నిజం చెప్పు, మోటెల్‌లో కూర్చుని నువ్వే రాశావా?"

ప్రసాద్ మొహం పాలిపోయింది. ఈ వృత్తిలో అంతకన్నా పెద్ద నింద లేదట. "అందరూ కాదన్నారు. రూల్ ప్రకారం మూడుసార్లు అడిగాను," అన్నాడు.

"ఆ రూల్ ఇంట్లో ఎవరూ లేనప్పుడు! మూడుసార్లు వెళ్లి చూడమని! మనిషి వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేయాలి!"

"మా లెక్కలో మొదటిసారి వద్దన్న మనిషి ఇంకా ఇంటికి రానట్టేనండీ," అన్నాడు.

డోరతీ ఫోన్ తీసింది. నిజంగా వెళ్లామో లేదో కనుక్కోవడానికి ఎడ్నాగారి నంబరే తిప్పింది. పేరు, కంపెనీ, తన నంబరు చెప్పి, ఒక ప్రశ్న అడగవచ్చా అంది. అవతల ఏదో చిన్న మాట. "థాంక్యూ," అని పెట్టేసి మా వైపు చూసింది. "మాట్లాడనంది."

ప్రసాద్ కుర్చీలో కుంగిపోయాడు. నాకు అప్పుడే ఆ కాగితాలు, ఆ గ్రీన్‌కార్డు, షామ్‌బర్గ్‌లో వాడి ఇల్లు అన్నీ పెట్టెలో సర్దుతున్నట్టు కనిపించింది.

నిమిషంలో ఫోన్ మోగింది. డోరతీ రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. ఎడ్నాగారి గొంతు గదంతా వినిపించింది.

"ఏం మనుషులమ్మా మీరు! ఒక్కసారి వద్దనగానే పెట్టేస్తారా? నేను ఇక్కడ రెండోసారి కోసం కూర్చున్నాను! ఆ అబ్బాయి చూడు, ముందు నా కుక్క గురించి మాట్లాడి ఎంత పద్ధతిగా అడిగాడో!"

"మిమ్మల్ని బలవంతం చేశాడా?" అంది డోరతీ.

"బలవంతమా? అడగమన్నది నేనే. ఆ పెద్దాయన ఏమైనా తిన్నాడా ఇవాళ? అడుగు. మూడుసార్లు అడుగు."

డోరతీ రిసీవర్ పెట్టేసింది. తర్వాత కౌంటీ కాగితాలను మిగతా రాష్ట్రం దొంతర మీద పెట్టింది. "సోమవారం తొమ్మిదింటికి రా. మిగతావాళ్లకు కుక్కల గురించి ఎలా మాట్లాడాలో చెప్పు," అంది.

ప్రసాద్ ఊపిరి పీల్చుకుని, "నా గ్రీన్‌కార్డ్ పేపర్స్..." అన్నాడు.

"ఇప్పుడు కాదు."

"ఓకే," అని వాడు లేచాడు. నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. అన్నీ మన పద్ధతిలో చేసి, సొంత పని దగ్గర అమెరికావాడైపోతే ఎలా?

వాడికి అర్థమైంది. "మీ కిటికీలోంచి సరస్సు బాగా కనిపిస్తుందండీ," అన్నాడు. తర్వాత, "పేపర్స్ సంగతి..."

"పని ఉంది, చూడటం లేదా?"

ప్రసాద్ ఆమె బల్ల మీది మనవరాలి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ఆమె ఆ ఫొటోను, వాణ్ణి, నన్ను మార్చిమార్చి చూసింది.

"మూడోది అడక్కు," అని పెన్ను తీసి సంతకం చేసింది.

రెండు వారాల తర్వాత బొంబాయి విమానం ఎక్కాను. ఉన్నాయన ఓడిపోయాడు. ఎడిటరుగారికి ఆ సంగతి ఫలితాలు వచ్చిన రోజే కచ్చితంగా రాశాను. అయోవా గురించి ఇక్కడివారు అడిగితే నాకు తెలిసింది ఇంతే. అక్కడి జనం తొందరగా నోరు విప్పరు. విప్పించాలంటే తీరిక కావాలి, కుక్కలంటే ఇష్టం ఉండాలి. మర్యాదకు తిండి వద్దనకండి.

విమానంలో నా పక్క సీటులో ఒంగోలు వైద్యుడొకాయన. ఎయిర్‌హోస్టెస్ భోజనం తెచ్చింది. నేను మొదటిసారే తీసుకున్నాను. ఆయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "నో, నో," అన్నారు. ఆమె నవ్వి ముందుకు కదిలింది. ఆయన కళ్లు ఆ బండి వెంటే వెళ్లాయి.

నేను లేచి ఆమెను కేకేశాను.

"అమ్మాయ్, ఈయన్ని ఇంకా రెండుసార్లు అడుగు."