అయ్యప్ప మాల, ఎండుచేపల గంప

ఈ ఉదయం రేపల్లె నుంచి తెనాలి వెళ్లే బస్సులో కూర్చున్నాను. నిజాంపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఎండుచేపల గంప పట్టుకుని ఎక్కబోయింది. కండక్టరు అయ్యప్ప మాలలో ఉన్నాడు. దీక్షలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ "మాతా" అనే పిలవాలి కదా, మెట్టు మీద అడ్డంగా నిలబడి ఎంతో భక్తిగా అన్నాడు:

"మాతా, దిగండి. నేను మాలలో ఉన్నాను. ఆ వాసన తగలకూడదు."

ఆవిడ గంప దించలేదు.

"మాల నీ మెళ్లో ఉంది గానీ బస్సు మెళ్లో లేదుగా స్వామీ! తినకూడదంటే నువ్వు మానెయ్. మాతా అంటానే దిగమంటావేంటి?"

బస్సంతా నవ్వింది. స్వామి పక్కకి తప్పుకున్నాడు. గంప మీద గోనెపట్టా కప్పించి వెనక సీటు కింద పెట్టించాడు. నల్ల కండువా మాత్రం ముక్కుకి చుట్టుకున్నాడు.

తెనాలిలో ఆవిడ దిగుతుంటే గంప తనే అందించి, మెల్లగా అడిగాడు: "దీక్ష అయ్యాక ఈ ఎండు నెత్తళ్లు దొరుకుతాయా మాతా?"

అతని నియమానికి దణ్ణం. ఇంతకీ, ఆ గంపకి సరిగ్గా ముందున్న సీట్లోనే కూర్చుని దారంతా లొట్టలు వేసిన నా కార్తీక సోమవారం ఉపవాసం నిలిచినట్టా, పోయినట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.