కొత్తగూడ సుషీ హోటల్లో తనిఖీ

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, వేసవి మొదట్లో, నన్ను శేరిలింగంపల్లి ప్రాంతానికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి హోటళ్ళు నా పరిధిలోకి వచ్చాయి. వంటగది తనిఖీ చేయడం, నమూనా తీయడం, అనుమానం ఉంటే ఆ పదార్థం వడ్డన ఆపించడం నా పని. లైసెన్సు విషయం నా పై అధికారి చూస్తాడు. బయటివాళ్ళకు ఈ తేడా తెలియదు. మేము గుమ్మంలో అడుగుపెడితే హోటలు మూతపడ్డట్టే అనుకుంటారు.

నేను వచ్చిన కొత్తలోనే కొత్తగూడలోని ఒక సుషీ హోటల్ మీద ఫిర్యాదు అందింది. సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నం మీద చేప ముక్క పెట్టి, లేదా సముద్రపు నాచు ఆకులో చుట్టి ఇచ్చే జపాను వంటకం. చేప చాలావరకు పచ్చిదే. తెల్లాపూర్‌లో ఒక కుటుంబంవాళ్ళు పార్సెల్ తెప్పించుకుని తిన్నారు, అందరికీ వాంతులయ్యాయి. ఇలాంటి ఫిర్యాదు వస్తే చెప్పకుండా వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు నమూనాల పెట్టె మోసే మా అటెండరు రాములును వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఇంట్లో నేను ఎలా ఉండేవాణ్ణో ఇక్కడ చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. మాది భీమవరం వైపు. చందానగర్‌లో కాపురం. నా భార్య వసంతకు చేపలంటే ప్రాణం. నేనేమో బయటి తిండి గడప దాటనిచ్చేవాణ్ణి కాదు. పెళ్ళి విందుల్లో కూడా పెరుగు గిన్నె ఎంతసేపటి నుంచి బయట ఉందో వాకబు చేసేవాణ్ణి. మా పై అంతస్తులో మేరీ గారని రిటైరైన నర్సు ఉండేవారు. శుక్రవారాలు ఆవిడతో కలిసి బజారుకు వెళుతున్నానని వసంత చెప్పేది. ఏ బజారని నేను ఎప్పుడూ అడగలేదు.

హోటలు చిన్నది. వంటగదికీ కూర్చునే చోటుకీ మధ్య గోడలో ప్లేట్లు అందించే కిటికీ ఒకటి. యజమానీ వంటవాడూ ఒకరే, పేరు యాదగిరి. ముప్పై దాటిన మనిషి, చేవెళ్ళవాడు, పెద్ద హోటల్లో పని నేర్చుకుని అప్పు చేసి ఇది పెట్టాడు. తనిఖీ అనగానే ముఖం పాలిపోయింది. ఈ ఒక్కసారి మూసేస్తే మళ్ళీ తెరవలేనని రాములుతో మెల్లగా అనడం విన్నాను. నేను తలకు టోపీ, చేతులకు గ్లవ్స్ వేసుకుని, నమూనాలు తీసేదాకా పచ్చి చేప వడ్డించవద్దని చెప్పాను. చేపలున్న ఫ్రిజ్‌లో ముక్కల మధ్య థర్మామీటరు పుల్ల గుచ్చి చూశాను. చల్లదనం సరిగానే ఉంది. అన్నం మాత్రం గోరువెచ్చగా బయటే ఉంది. మామూలు అన్నమైతే అది తప్పు. వెనిగర్ పులుపు తగినంత ఉంటే క్రిములు పెరగవు కాబట్టి పులుపు కొలిచే కాగితం అంటించి చూస్తున్నాను.

అప్పుడు కిటికీ అవతల వసంత గొంతు వినిపించింది.

మేరీ గారు ఏదో అడిగినట్టున్నారు. వసంత నవ్వుతూ చెబుతోంది. "ఆయనకా? చెబితే ఇంకేమైనా ఉందా అండీ! మనకంటే ముందు థర్మామీటరు తింటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎంతసేపైంది వండి అని అడిగారు గానీ, బాగుందా అని ఒక్కనాడు అడగలేదండీ మేరీ గారూ."

ఆ నవ్వు నేను ఇంట్లో విని చాలా కాలమైంది.

రాములు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చినవాడు. గొంతు గుర్తుపట్టాడు. తల వంచుకుని, అప్పటికే బిగించి ఉన్న డబ్బా మూతను మళ్ళీ బిగించసాగాడు. యాదగిరికి ఏమీ తెలియదు. నన్ను కాస్త మంచి చేసుకుందామనుకున్నాడో ఏమో, దగ్గరకు వచ్చి చెప్పాడు.

"ఆ అమ్మ మస్తు మాట్లాడతది సార్. ప్రతి శుక్రవారం వస్తది. ఒక్కోసారి పార్సెల్ తీస్కపోయి పైన దోస్తు ఇంట్ల తింటదంట. వాళ్ళాయన ఏందో ఆఫీసరంట, తిననియ్యడంట. పాపం, జర పరేషాన్ మనిషి అట్లున్నడు."

పులుపు సరిపోయిందని కాగితం చూసి రాసుకున్నాను. బల్ల మీద సాల్మన్ చేప ప్లేటు ఒకటి సిద్ధంగా ఉంది. నేను ఆపమనక ముందే ఆమె కోసం కోసి పెట్టినది. ఈ ఒక్కటి పోనియ్యమని యాదగిరి అడిగాడు. వీల్లేదన్నాను. అయితే ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలి? రాములును పంపవచ్చు, యాదగిరినే పంపవచ్చు. కానీ వడ్డన ఆపిన సంగతి తినేవాళ్ళకు అధికారే చెప్పాలని నేనే కొత్తవాళ్ళకు నేర్పేవాణ్ణి. టోపీ తియ్యకుండానే బయటికి వెళ్ళాను.

ఆమె సుషీ తినే పుల్లలు వేళ్ళ మధ్య అలవాటుగా పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసింది. వసంతా అనాలని నోటిదాకా వచ్చింది. వచ్చిన మాట వేరు.

"తనిఖీ జరుగుతోందమ్మా. పచ్చి చేప ఇప్పుడు వడ్డించరు."

ఏ హోటల్లోనైనా ముఖం తెలియని మనిషికి చెప్పే మాట, అదే గొంతు. మేరీ గారు వీధి వైపు తల తిప్పుకున్నారు. వసంత పుల్లలు బల్ల మీద పెట్టింది.

"అలాగేనండి ఆఫీసరు గారూ. కీరా చుట్టినది ఇమ్మనండి."

ఆమె ఆ కీరా సుషీని నిదానంగా, పూర్తిగా తిన్నది. నేను లోపల నమూనాలు సీలు చేయించి, సాక్షి సంతకం తీసుకుని, ఐసు పెట్టెలో సర్దించాను. బయటికి వచ్చేసరికి ఇద్దరూ వెళ్ళిపోయారు. దారిలో రాములు ఎండల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

ఇంట్లో ఆ రాత్రి వసంత ఎప్పటిలాగే వేడిగా వడ్డించింది. "ఆ అబ్బాయి హోటలు మూసేస్తారా?" అని మాత్రం అడిగింది. ల్యాబు రిపోర్టు రావాలన్నాను. బాగుందా అని అడగడానికి ఆ పూట నాకు నోరు రాలేదు. మర్నాడు అడిగితే ఆమె అన్న మాట విని అడిగినట్టు ఉంటుందనిపించింది. అలా రోజులు గడిచాయి.

రిపోర్టులో లోపం ఏమీ లేదు. పార్సెల్ చాలాసేపు ఎండలో కారులో ఉండిపోయిందని ఆ తెల్లాపూర్ కుటుంబమే తరువాత చెప్పింది. ఫైలు మూసేశారు, హోటలు నడిచింది. వసంత మళ్ళీ అక్కడికి వెళ్ళిందో లేదో నాకు తెలియదు. శుక్రవారాలు బజారుకు వెళ్ళడం మాత్రం మానేసింది. నేను రిటైరైన మరుసటి ఏడు ఆమె పోయింది.

ఆ తరువాత ఒకసారి ఒక్కణ్ణే వెళ్ళి ఆ హోటల్లో కూర్చున్నాను. యాదగిరి గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. తినడానికే వచ్చానన్నాను. సాల్మన్ పెట్టాడు. కాసేపటికి, "మంచిగున్నదా సార్?" అన్నాడు. ఆ శుక్రవారాల అమ్మ ఎవరో అతనికి చెబుదామనుకున్నాను. బాగుందని మాత్రం చెప్పి వచ్చేశాను.

కొత్త అధికారులకు పాఠం చెప్పమని ఇప్పటికీ అప్పుడప్పుడు పిలుస్తుంటారు. తనిఖీకి బయలుదేరే ముందు ఆ హోటల్లో మీ ఇంటివాళ్ళు ఎవరైనా తింటున్నారేమో అడిగి తెలుసుకోండని చెబుతాను. తింటుంటే ఆ పని మరొకరికి అప్పగించమని పై అధికారిని కోరవచ్చు. వాళ్ళు రాసుకుంటారు. అడిగితే ఇంట్లోవాళ్ళు నిజం చెప్పాలి కదా అని ఒకరిద్దరు నవ్వుతారు. అవును, వాళ్ళు మీకు నిజం చెప్పగలిగేలా ఉండటం ముందు మీరు చూసుకోవలసిన పని అంటాను.