మూడు చేతుల చొక్కా

దర్జీ దుకాణం వెడల్పు తొమ్మిది అడుగులు. అందులో రెండు కుట్టు మిషన్లు, ఒక కోత బల్ల, ఒక నీళ్ల తొట్టి, ఒక దర్జీ. వీధిలో అతన్ని అరంగుళం అంటారు. అరంగుళం తేడా వచ్చినా చొక్కా చేతికివ్వడు మరి. ఎవరు గుడ్డ తెచ్చినా ముందు తొట్టిలో నానబెట్టి, ఆరేసి, ఎంత కుంచించుకుపోయిందో చూస్తేగానీ కత్తెర పెట్టడు. ఆ పైన, ఎదిగే పిల్లలకైనా ఎదగడం మానేసిన పెద్దలకైనా, కుట్టు లోపల వేలెడు గుడ్డ వదులుతాడు. మనిషి రేపు ఎటు సాగుతాడో ఎవరు చెప్పొచ్చారు అంటాడు.

అంత ముందుచూపు గల మనిషి ఇరవై రోజులుగా ఒక అట్టపెట్టె జోలికి పోలేదు. కూతురు తెప్పించిన పెట్టె అది. అందులో ఒక గొట్టం ఉంటుందట. గీత దాకా ఉమ్మి నింపి పంపితే, ఆ ఉమ్మిలో డీఎన్ఏ చూసి, ముందు ముందు ఏయే జబ్బులు రావడానికి ఎంత అవకాశముందో చెబుతారట. వస్తుందని చెప్పరు, రాదనీ చెప్పరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను అన్నాడు దర్జీ, పెట్టెను దారపు రీళ్ల వెనక్కి నెడుతూ.

అతని భయం మాత్రం ఒకే ఒక్క జబ్బు. అతని నాన్నా దర్జీయే. అరవై ఒకటో ఏట ఆయన కొడుక్కి ఒక తెల్ల చొక్కా కుట్టాడు. కాలరు బాగా కుదిరింది, కాజాలు బాగా కుదిరాయి, చేతులు మూడు ఉన్నాయి. మూడోది వీపు మధ్యన, ఒక్క ముడత లేకుండా చక్కగా కుట్టి ఉంది. ఆ తర్వాత ఆయన దుకాణానికి దారి మరిచాడు, భార్య పేరు మరిచాడు, ఆఖరికి చెంచా ఎందుకో మరిచాడు. మేనత్తదీ అదే దారి. దర్జీకి ఇప్పుడు యాభై ఎనిమిది. అరవై ఒకటికి ఎన్నేళ్లుందో లెక్క తెలియని మనిషి కాదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని కూతుర్ని ఒకటి రెండుసార్లు దెప్పాడు. కూతురు కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా జనానికి అక్షరాలు చూపించి ఏది కనబడటం లేదో చెప్పమంటుంది కనుక, దెప్పిపొడుపులకు చలించే రకం కాదు.

"దురద నాకే నాన్నా. నీలో ఆ జబ్బు జాడ లేదని తేలితే ఆ వైపు నుంచి నాకు భయం ఉండదు. నేను ముందు చేయించుకున్నాననుకో, నాలో కనబడితే నీ సంగతీ తెలిసిపోయినట్టే, అమ్మ వైపు ఎవరికీ లేదు కదా. నీకు చెప్పకుండా అలా చెయ్యడం నాకిష్టం లేదు. అందుకే అడుగుతున్నాను."

దర్జీ పని అడకత్తెరలో పోకచెక్కయింది. భార్య కూడా కూతురి పక్షమే చేరింది. ఊరందరి గుడ్డా నానబెట్టి చూసే మనిషికి తన గుడ్డ తడపడానికి ఇంత భయమా అని అడిగింది.

"గుడ్డ కుంచించుకుపోతుందని తెలిస్తే రెండంగుళాలు ఎక్కువ కొనుక్కురమ్మంటాను. నేను కుంచించుకుపోతానని తెలిస్తే ఎక్కడ కొనుక్కురమ్మంటావ్?" అన్నాడు.

ఆమె ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికెళ్లింది.

అయినా ఒక సోమవారం అతనే పెట్టె తెరిచాడు. ఉమ్మడానికి అరగంట ముందు నుంచి నోట్లో ఏమీ పెట్టకూడదని కాగితం మీద రాసి ఉంది. ఇరవయ్యో నిమిషంలో చూసుకుంటే నోట్లో దారం ఉంది. సూదిలోకి ఎక్కించే ముందు దారపు కొస నోట తడపడం నలభై ఏళ్ల అలవాటు. మంగళవారం పదో నిమిషానికే దారం. గురువారం గడియారం చూస్తూనే తడిపాడు. వద్దంటున్నది దారమో తానో అతనికే తేలలేదు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చి రెండు మిషన్ల మీదా గుడ్డ కప్పింది. దారపు రీళ్లన్నీ తీసి ఒళ్లో పెట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. దర్జీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మెలకువగా ఉండి అరగంట పాటు ఏ పనీ లేకుండా కూర్చోవడం అతనికి ఊహ తెలిశాక ఇదే మొదలు. పావుగంట గడిచాక, ఎవరూ అడగకుండానే నోరు విప్పాడు.

"మా నాన్న కుట్టిన ఆ చొక్కా చూసి నేను నవ్వానే. పక్క కొట్టు వాళ్లని పిలిచి చూపించాను. తర్వాత బ్లేడు తీసుకుని, ఆయన ఎదురుగానే మూడో చెయ్యి విప్పేశాను. ఏం తప్పుందిరా అందులో అని అడిగాడు. నేను పలకలేదు. ఆ రోజు నుంచి నాన్న మిషను ముట్టుకోలేదు."

ఈ సంగతి ఇన్నేళ్లలో అతను భార్యకు కూడా చెప్పలేదు. మరిచిపోతానన్న భయం అతనికి ఉన్నమాట నిజమే. తనలాంటి కొడుకు తన ఎదురుగా బ్లేడు పట్టుకు నిలబడతాడన్న భయం అంతకన్నా పెద్దది. ఉన్నది కూతురు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు కానీ బ్లేడుకు ఆ తేడాలుండవు.

"నేను అలాంటిది కుడితే విప్పుతావా?"

కూతురు ఒళ్లోని రీళ్లను ఒక్కొక్కటే సర్దింది. నాన్నకు తేలిగ్గా మాటివ్వడం ఆ ఇంట్లో చెల్లదు.

"విప్పను. తొడుక్కుని పనికెళతాను. ఎవరైనా అడిగితే మా నాన్న కుట్టాడని చెబుతాను."

దర్జీ మెడలోని టేపును వేలికి చుట్టుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి దగ్గర్లో ఉన్న కొత్త గుడ్డ ఎవరో ఖాతాదారుడిది, ఇంకా తడపనిది. దాంతోనే తుడుచుకున్నాడు. గంట కొట్టినట్టు కూతురు అరగంట అయిందని చెప్పింది.

అతను గొట్టం అందుకుని గీత దాకా నింపాడు. గీత దగ్గర ఆపలేదు. కుట్టులో గుడ్డ వదిలినట్టే, గీత పైన ఇంకో వేలెడు వదిలాడు.