దగ్గరికొస్తే ఇద్దరు

హొసకోటె నుంచి వస్తూ స్కూటరు వెనక సీటు మీంచి పడ్డాను. తలలో కొంచెం రక్తం గడ్డ కట్టిందన్నారు. ఆపరేషన్ లేకుండానే కరిగిపోయింది. "అదృష్టవంతులమ్మా" అని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. మా ఆయన కాఫీ తెచ్చేదాకా నేనూ అదే అనుకున్నాను.

గుమ్మం దగ్గర ఆయన ఒక్కరే ఉన్నారు. మంచం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరయ్యారు, చెరొక గ్లాసుతో. అందుకోబోతే నా చేతికి ఏమీ తగల్లేదు.

"చెయ్యి ఆడెక్కడ పెడ్తాండావే?" అన్నారు.

"నిద్రమత్తు" అన్నాను. మతి చెడిందేమోనని నాకే భయంగా ఉంది, ఆయనకెలా చెప్పేది?

నగర్తపేటలో మాది చీరల అంచులు, లేసులు అమ్మే అంగడి. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఎదురు వరస బోర్డులన్నీ స్పష్టంగా చదవగలిగాను. చేతిలోని లేసు మాత్రం రెండుగా చీలి ఒకదాని మీదికి ఒకటి జారేది. ఒకామెకు కొలిచి కోయబోతే కత్తెర గాలిని కోసింది. ఆమె నవ్వింది. మళ్ళీ అలాగే అయినప్పుడు నవ్వలేదు.

"తల తిరుగుతాంది" అని మాత్రమే చెప్పి, రెండుగా కనబడే మాట దాచి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కో కన్ను మూయించి, దూరంగా గోడ మీది అక్షరాలు చదివించారు. చివరి వరస దాకా చదివేశాను. "కళ్ళు చక్కగా ఉన్నాయి" అన్నారు. మా ఆయన సంబరపడి హోటలుకు తీసుకెళ్ళారు. ప్లేటు నా ముందు పెట్టగానే ఏడుపు ఆగలేదు.

"రెండు దోసెలుండాయి" అన్నాను.

ఆయన ప్లేటు వంక చూశారు. "ఒకటే ఉండాది కదే." ముందుకు వంగి, "మరి నేను?" అన్నారు.

"మీరూ ఇద్దరుండారు. దగ్గరికొస్తే."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ఇప్పుడు?"

"ఒకరే."

తలకు వైద్యం చేసిన డాక్టరుకు ఇదంతా చెబితే, చూపుకు వ్యాయామం నేర్పించే చోటికి పంపారు. అక్కడి థెరపిస్టు ఆంధ్రా నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి.

"ఒక్కో కన్ను పర్ఫెక్ట్ మేడం. దగ్గరివి చూసేటప్పుడు రెండూ కలిసి లోపలికి తిరగాలి. దెబ్బ వల్ల ఆ కంట్రోల్ వీక్ అయింది. గోడ మీది అక్షరాలతో అది తెలీదు" అంది.

మతి చెడలేదన్నమాట. కానీ తిరగమని కళ్ళకు నేనెప్పుడు చెప్పాను గనక, ఇప్పుడు చెప్పడానికి?

ఆ అమ్మాయి పూసలు గుచ్చిన పొడవాటి దారం ఒక కొస తలుపు గడియకు కట్టి, రెండో కొస నా ముక్కుకు ఆనించింది. "మధ్య పూసను చూడండి. ఏం కనిపిస్తోంది?"

చాలాసేపు తంటాలు పడ్డాక చెప్పాను. "పూస ఒకటే ఉండాది. దారాలు మాత్రం రెండు." సిగ్గేసింది.

"సూపర్ మేడం! దారాలు రెండే కనపడాలి."

నాకు కోపం వచ్చింది. "రెండు కనపడకూడదనే కదమ్మా నీ దగ్గరికొచ్చింది?"

రెండు కళ్ళూ పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తని బొమ్మ గీసి మరీ చెప్పింది. తలూపాను. నిజానికి ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఇంట్లో దారం కిటికీ ఊచకు కట్టి సాధన చేశాను. కణతలు పగిలేంత నొప్పి, వాంతులు. మానేశాను. థెరపిస్టుకు ఫోన్ చేస్తే మధ్యమధ్య ఆగి, కొద్దికొద్దిగా చేయమంది. మా ఆయనే దారం కొస పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. "కలిసిందా?" అనేవారు. ఏది కలవడమో నాకే తెలియక కొన్నిసార్లు ఊరికే "ఊఁ" అనేదాన్ని.

నెలలు గడిచాయి. ఇప్పుడు పొద్దున పూట లేసు సరిగ్గానే కోస్తున్నాను. సాయంత్రం అలసిపోతే మళ్ళీ చీలుతుంది. పూర్తిగా నయమవుతుందా అని థెరపిస్టును అడిగితే, "ఇంకా ఇంప్రూవ్ అవుతుంది మేడం. పూర్తిగానా అంటే చెప్పలేను" అంది.

మొన్న ఆయన చొక్కా గుండీ ఊడితే సూది తీశాను. దారం ఎక్కిందో లేదో కళ్ళను నమ్మలేక లాగి చూశాను. ఎక్కింది. సగం కుట్టేసరికి రెండు సూదులయ్యాయి. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, మిగతాది కుట్టాను.