తాడు పట్టిన బావమరిది

మల్లికతో వాదనకు దిగి బాగుపడినవాడు మార్కాపురంలో ఇంతవరకు లేడు. పలకరాయి ఫ్యాక్టరీలో ఆమె పని రాళ్ళు చూడటం. వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, లోపల చీలిక ఉందో లేదో చెప్పేస్తుంది. సూపర్‌వైజరు వచ్చి "బాగానే ఉంది గదమ్మా" అన్నాడనుకోండి, ఆ రాయిని అతని చేతికే ఇచ్చి "మీరే మోసుకుపోండి సార్, నేను పక్కకు జరుగుతా" అంటుంది. ఇరవై ఏడేళ్ళ మనిషి. నల్లమల లోపలి చెంచు గూడెంలో పుట్టి, హాస్టల్లో అన్నం తిని, డిగ్రీ పాసై, కంభం రోడ్డు పక్కన అద్దె గదిలో ఉంటోంది. 'అడవిలోంచి వచ్చినా ఎంత తెలివో' అని మెచ్చుకునేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. వాళ్ళకంటే మొహం మీద తిట్టేవాళ్ళే నయమంటుంది.

అంత మనిషీ ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి ప్రభుదాస్ వాళ్ళ షెడ్డులో ఆటకు కూర్చుంటుంది. ప్రభుదాస్ కంప్యూటర్లు చెప్పే మాస్టారు. బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ ఆట నేర్చుకుని, దాని లావుపాటి పుస్తకంతో సహా ఇంటికి తెచ్చాడు. షెడ్డు వాళ్ళ నాయనది. బడిపిల్లల పలకలకు గిరాకీ పోయాక మూతపడింది. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, అందులో చాప పరుస్తారు.

పేకల్లేవు, గవ్వల్లేవు. నలుగురూ కలిసి ఒక కథ చెప్పుకోవడమే ఆట. ప్రభుదాస్ కథ నడుపుతాడు. మిగతా ముగ్గురికీ అందులో తలా ఒక వేషం. ఆ వేషానికి బలమెంత, తెలివెంత, మంచివాడా చెడ్డవాడా అన్నది మిగిలిపోయిన పలకల మీద బలపంతో రాసుకుంటారు. ఏది జరుగుతుందో తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. తగువొస్తే పుస్తకం తెరుస్తారు. తగువు రాని ఆదివారం నాకు తెలిసి ఒక్కటీ లేదు.

కోర్టులో జూనియర్ లాయరుగా తిరిగే రాజేంద్ర అందులో మాంత్రికుడు. ప్రభుదాస్ చెల్లెలు రేచల్ బయటా నర్సే, ఆటలోనూ వైద్యురాలే. మల్లిక వేషం పేరు దాసు. కొండలెక్కి తేనె దింపే మొగాడు. రెండేళ్ళుగా ఆమె వాణ్ణి ప్రాణంగా కాపాడుకొస్తోంది. ఆ పేరే ఎందుకు పెట్టిందో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆటలో చచ్చినవాడి పలక తడిగుడ్డతో తుడిచేస్తారు. వాడి పేరూ, చచ్చిన కారణమూ షెడ్డు గోడ మీద తెల్ల పెయింటుతో రాస్తారు. గోడ మీదికి ఎక్కిన మాట మళ్ళీ చెరపకూడదు. 'రేచల్ దొంగ: తలుపు తట్టకుండా తెరిచింది.' 'రాజేంద్ర వీరుడు: పులికి లా పాయింటు చెప్పబోయాడు.' అలాంటివి ఆరేడున్నాయి.

ఆ ఆదివారం కథలో ఒక ఊరు ఊరంతా విషజ్వరంతో పడి ఉంది. మందు కొండచరియ మధ్యలో, ఒక గుహలో ఉంది. తాడు కట్టుకుని దిగాల్సింది దాసు. పైనుంచి పట్టడానికి మాంత్రికుడికి బలం లేదు, వైద్యురాలి భుజానికి గాయం. మిగిలింది ముందువారం వాళ్ళు పట్టుకున్న ఖైదీ, పచ్చగోళ్ళ జాతివాడు. మనిషి దుక్కలాగ ఉన్నాడు.

రాజేంద్ర పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. "చూడు మల్లికా. పచ్చగోళ్ళ జాతి, స్వభావం: పుట్టుకతో దుర్మార్గం. వాని చేతికి తాడిస్తే నువ్వు పోయినట్టే. నేను మనసుకట్టు మంత్రం వేస్తా. బొమ్మలాగ పట్టుకుంటాడు."

"ఆ మంత్రం వేస్తే పాపమని అదే పుస్తకంలో ఉంది గదన్నా" అంది రేచల్.

"మంచోళ్ళ మీద వేస్తేనే పాపం. చెడ్డోళ్ళ మీద వేస్తే లేదు. కింది లైను చదువు."

మల్లిక పుస్తకం వైపు చూడలేదు. "వాడు చేసిన తప్పేందన్నా? మన మేకను తిన్నాడా, మన ఇల్లు కాల్చినాడా? మనమే వానుండే కొండకు పోయి కట్టేసుకోని వచ్చినాం. ఇప్పుడు మనసు గూడా కట్టేస్తామంటివి."

"జాతే అట్లాంటిది. ఇది ఆట మల్లికా, నువ్వు మీదేసుకోవాకు."

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీదేసుకోవాకు అనడం చాలా తేలిక. ఎవరి మీద పడుతోందో వాళ్ళనడగాలి. హాస్టల్లో పెట్టె తాళం పోయినా, బస్సులో పర్సు పోయినా మొదట తన వైపే చూసిన కళ్ళను ఆమె మర్చిపోలేదు. అయినా గొంతు పెంచలేదు.

"తేనెకు చరియ దిగేటప్పుడు మా గూడెంలో తాడు ఎవురు పట్టుకుంటారో తెలుసునా? అన్న పట్టుకోడు, తమ్ముడు పట్టుకోడు. పెండ్లాం తమ్ముడు పట్టుకుంటాడు. వదిలితే బొట్టు పోయేది వాళ్ళక్కకే. అందుకని వదలడు." ప్రభుదాస్ వైపు తిరిగింది. "ఈ ఖైదీకి అక్క ఉందా?"

ప్రభుదాస్‌కు నవ్వొచ్చింది. "ఉంది అనుకో."

"పెండ్లి కాలేదు గదా? దాసు చేసుకుంటాడు."

రేచల్ పడీపడీ నవ్వింది. ప్రభుదాస్ నవ్వు ఆపుకుంటూనే ఖైదీ కట్లు విప్పించి, కొండ మీదికి కబురంపించి, ఆ అక్క తరఫున పాచిక వేశాడు. పదిహేడు పడింది. పిల్ల ఒప్పుకుంది. వైద్యురాలే పెళ్ళి పెద్దయింది, అడవిపూల దండలు మారాయి. రాజేంద్ర ఒక్కడే నవ్వలేదు.

"పెండ్లితో స్వభావం మారుతుందని పుస్తకంలో ఏడుంది? నాకు చూపించండి."

అది నిజమే. ప్రభుదాస్ నాలుగు పేజీలు అటూ ఇటూ తిప్పాడు. "పెండ్లికి రూలు లేదు మల్లికా. స్వభావానికైతే ఉంది. దుర్మార్గుడు ఇచ్చిన మాట నిలబెట్టాలంటే పాచిక పద్దెనిమిదికి తగ్గకూడదు. తగ్గితే దాసు పోయినట్టే. వద్దంటే మంత్రముంది."

"రెండేండ్ల మనిషే" అంది రేచల్, నవ్వు మానేసి. "మంత్రం వేయించుకోరాదా."

మల్లిక పలక వైపు చూసింది. దాసు పేరు రాసిన అక్షరాలు చెయ్యి తగిలి తగిలి కొంచెం అలుక్కుపోయాయి. పోగొట్టుకోవాలని ఏ మాత్రమూ లేదు. కానీ మనసు కట్టేసి పట్టించిన తాడుతో దిగి బతికితే, ఆ బతుకు ఆమెకు అక్కర్లేదు.

"బావమరిది పట్టుకుంటాడు. పాచిక ఇట్లియ్యి."

నాలుగు పడింది.

రాజేంద్ర లేచి కుంచె తీసుకున్నాడు. అతని మనసులో కుళ్ళేమీ లేదు, రూలు గెలిచిందన్న తృప్తే తప్ప. "'దాసు: పచ్చగోళ్ళవాణ్ణి నమ్మాడు, వాడు తాడు వదిలాడు.' ఇంతే గదా రాసేది?"

"వదల్లేదు" అంది మల్లిక.

"నాలుగు పడింది గదా."

"దాసు చచ్చినాడు, కాదనను. ఒప్పుకొనే వేసినా. తాడు రాతి అంచుకు రాసుకోని తెగింది. అట్ల రాయి."

"చచ్చినోడు చచ్చినాడు. రెండూ ఒకటే గదా."

"రెండూ ఒకటి గాదు." ఆమె లేచి నిలబడింది. "మా నాయన పేరు దాసయ్య. నాకు తొమ్మిదేండ్లప్పుడు చరియ దిగినాడు. పైన తాడు పట్టింది మా ఆదెయ్య మామ. రాతి అంచున తాడు తెగింది. మామ సాయంత్రానికి తెగిన తాడు తీసుకోని వచ్చి మా అమ్మ ముందర పెట్టినాడు. మా అమ్మ శ్రీశైలమ్మ ఆ కొస చేతిలోకి తీసుకోని, పీచుపీచు తడిమి చూసింది. చూసి, కూచో తమ్ముడా, మంచినీళ్ళు తాగు అనింది. ఆ ఒక్క మాటతో మా మామ బతికినాడు. మర్నాడు స్టేషన్నించి చావు కాగితం రాయనీకి వచ్చినాయన తాడు అడగను గూడా లేదు. అడవోళ్ళు గదా, తాగి వదిలేసుంటాడులే అన్నాడు. మామ జన్మలో తాగలేదు. 'బావమరిది తాడు వదిలినందున' అని రాసుకోని పోయినాడు. ఆ కాగితం ఇప్పటికీ అట్లనే ఉంది. దాన్ని నేను మార్చలేకపోయినా. ఈ గోడ మీద మాత్రం ఆ మాట రాయనీను."

కుంచె కొసనుంచి పెయింటు రాజేంద్ర కాలి మీద పడింది. అతను తుడుచుకోలేదు.

ప్రభుదాస్ పుస్తకం మళ్ళీ తెరిచి, ఆ లైను గొణుగుతూ చదివాడు. "ఇందులో 'మాట నిలబెట్టలేకపోయాడు' అని ఉంది. ఎందుకు నిలబెట్టలేకపోయినాడో లేదు. అది కథ నడిపేవాడు చెప్పాల్సింది." పుస్తకం మూశాడు. "చెప్తున్నా. తాడు తెగింది."

మల్లిక కుంచె అందుకుని తనే రాసింది. 'దాసు: తాడు తెగింది. పట్టినవాడు వదల్లేదు.' గోడ మీద ఉన్న అన్ని అక్షరాలకంటే పెద్దగా రాసింది. తర్వాత గుడ్డ తడిపి దాసు పలక తుడిచింది. తుడుస్తుంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ పలకను పక్కన పెట్టి, ప్రభుదాస్ ముందున్న ఖైదీ పలకను లాక్కుంది. స్వభావం అన్న చోట ఉన్న 'పుట్టుకతో దుర్మార్గం' మీద బొటనవేలు తడిచేసి గట్టిగా రుద్దింది. అక్కడ కొత్తగా ఏమీ రాయలేదు.

"ఇంకమీద నేను వీణ్ణి ఆడతా."

"పచ్చగోళ్ళ జాతిని మనం ఆడొచ్చునా?" అన్నాడు రాజేంద్ర. ఈసారి గొంతులో లాయరు లేడు.

"ఆడకూడదని ఏ పేజీలో ఉందో చూపించన్నా."

రాజేంద్ర పుస్తకం ముట్టుకోలేదు. తన చోటికి వచ్చి కూర్చుని, ఆమెకు చాప మీద చోటిచ్చాడు.

"సరే" అన్నాడు ప్రభుదాస్. "చరియ అంచున నిలబడి ఉన్నావు. తెగిన తాడు నీ చేతిలో ఉంది. పక్కన మాంత్రికుడు, వైద్యురాలు నీ మొహమే చూస్తున్నారు. ఏం చేస్తావు?"

"వీళ్ళకు జవాబు తర్వాత చెప్తా" అంది మల్లిక. "ముందు మా అక్క దగ్గరికి పోవాల. తాడు చూపించాల."