దంతమని రాసిన ఎముక

మేస్త్రి పోయారని ఆయన కోడలు మంగళవారం ఉదయం నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ముందురోజు తెల్లవారుజామున నమాజుకు లేచి, చేతులు కడుక్కుంటూ కూలబడ్డారట. మధ్యాహ్నానికే మట్టి ఇచ్చారు. ఎవరినీ కష్టపెట్టలేదని ఆమె రెండుసార్లు అంది. ఆయన ఎవరినీ కష్టపెట్టగా నేనూ చూడలేదు. నేనే ఆయనను ఒకసారి కష్టపెట్టాను. అది ఉన్నదున్నట్టు రాయాలి.

డెబ్బైల మధ్యలో మేం మస్కట్ పక్కన దార్సైట్‌లో ఉండేవాళ్ళం. మావారు రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. మేస్త్రి అదే కంపెనీ వడ్రంగి షెడ్డులో పనిచేసేవారు. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా కొమ్ము దువ్వెనలు చేసేవారు. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చి ఆ పని పోయాక ఆయన ఒమాన్ వచ్చారు. శుక్రవారం సెలవు. ఆ రోజు ఒమానీలు నడుముకు కట్టుకునే వంకర బాకులు, ఖంజర్లు, తెచ్చి ఆయన ముందు కూర్చునేవారు. ఊడిన పిడి బిగించడం, చిట్లిన ఏనుగు దంతానికి అతుకు వేయడం ఆయన పని. ఎముకను ఆకురాయితో రాకినప్పుడు రాలిన పొడిని ఎన్నడూ ఊదేవారు కాదు. బ్రష్‌తో కాగితంలోకి తీసి, షెడ్డు వెనక మట్టిలో కలిపేవారు. “పానమున్నదాని ముక్క. ఉఫ్ అని ఊదద్దు” అనేవారు.

ఆ పని చూడడానికే ఇంగ్లండు నుంచి ఒక డాక్టర్ వచ్చాడు. వైద్యుడు కాదు, రోమన్ సైన్యం ఆయుధాల మీద పరిశోధన చేసినవాడు. ఆ కాలపు సిపాయిల కత్తిపిడులు ఎముకతో, దంతంతో ఎలా చేశారో పుస్తకాల వల్ల తెలియదని, ఇంకా పిడులు చేస్తున్న చేతులను చూడాలని అనేవాడు. నేను చరిత్ర ఎమ్మే చదివాను కనుక వస్తువుల రిజిస్టరు రాయడానికి, మేస్త్రి మాటను ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పెట్టుకున్నాడు.

డాక్టర్ తన దేశపు మ్యూజియం నుంచి ఒక రోమన్ పిడిని అరువు తెచ్చాడు. నాలుగు వేళ్ళు కూర్చునేలా నాలుగు పల్లాలు, నడుమ కత్తి వెనక కొస దూరే రంధ్రం, ఒక అంచు విరిగి ఉంది. దాన్ని చూసి మేస్త్రి కొత్తది చేయాలి. నేను దాన్ని తూచి, రిజిస్టరు పేజీ మీద పెట్టి, చుట్టూ సన్నని పెన్సిలుతో గీత గీశాను. దేనితో చేసిందో రాసే గడిలో, డాక్టర్ చెప్పినట్టు, దంతం అని రాశాను.

డాక్టర్ వెళ్ళాక మేస్త్రి దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని పిడిని కిటికీ వైపు తిప్పారు.

“అమ్మా, ఇది దంతం కాదు. బొక్క.” వాళ్ళ వైపు ఎముకను అలా అంటారు.

“డాక్టర్ గారు దంతమన్నారు మేస్త్రీ.”

“డాక్టర్ సాబ్ సదివిండు, నేను రాకిన. ఇరిగిన కాడ సుక్కలు సూడు. పొడుగునా సన్నని నల్ల చారలు. నెత్తురు నడిసిన తొవ్వలు అవి. దంతంల ఉండయి. ఇగ ఈ తూటు? దంతానికైతే బర్మాతోని తొల్వాలె. ఎద్దు కాలు బొక్కకు ఆ అల్లానే తొలిసిచ్చిండు.”

“యుద్ధానికి పోయేవాడికి ఎద్దు ఎముకా?”

“దంతం సర్దారుకు అమ్మా. సిపాయికి రాత్రి కూరల మిగిలిన బొక్కనే.”

నాకు నవ్వొచ్చింది. రిజిస్టరులో మాత్రం ఏమీ మార్చలేదు. అందులో డాక్టర్ మాటకు గడి ఉంది, మేస్త్రి మాటకు లేదు. గడి లేనిది రాయకపోవడం క్రమశిక్షణ అనుకున్నాను. డాక్టర్‌కూ చెప్పలేదు. నేను చెప్పి ఉంటానని మేస్త్రి అనుకున్నారు.

పిడి రెండు వారాలు షెడ్డులో ఉంది. కొత్తది పూర్తయ్యాక, పాతదాన్ని తీసుకువెళ్ళడానికి మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చింది. భూతద్దం పెట్టి చూసి, ఇది ఎముక అంది. పిడితో వచ్చిన పాత చీటీలోనూ నా రిజిస్టరులోనూ దంతమని ఉంది, ఆ దంతపు పిడి ఏమైందని అడిగింది. షెడ్డు మూలలో ఖంజర్ పనిలో మిగిలిన దంతపు ముక్కలున్నాయి. మేస్త్రి దంతపు పిడి దాచి ఎముకది పెట్టాడన్నట్టు అందరి కళ్ళూ అటే పోయాయి. కబురందుకుని వచ్చిన కంపెనీ మేనేజరు, ఆఫీసులో ఉంచుకున్న మేస్త్రి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దొంగ అన్న పేరుతో ఇంటికి పంపడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మేస్త్రి గొంతు పెంచలేదు. “అమ్మా, నేనేమన్ననో జెర నువ్వే చెప్పు” అన్నారు. అక్కడ ఆ మాట అర్థమైనది నాకొక్కదానికే.

నేను రిజిస్టరు తెరిచాను. పిడిని తూచాను. తూకం అదే. దాన్ని తీసి నేను గీసిన గీతలో పెట్టాను. విరిగిన అంచు గీత వంపుల్లో వంపుగా కూర్చుంది. ఆమె వంగి చూసి, అదే పిడి అని భూతద్దం పక్కన పెట్టింది.

“మరి ఇందులో దంతమని ఎవరు రాశారు?” అంది.

“నేను రాశాను. ఎముక అని ఈయన మొదటి రోజే నాతో చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేదు” అన్నాను.

డాక్టర్ ముఖం ఎర్రబడింది. పాత చీటీని నమ్మి పొరబడ్డానని ఒప్పుకున్నాడు. మేనేజరు పాస్‌పోర్టును తిరిగి ఆఫీసుకు తీసుకుపోయాడు. నేను దంతం అన్న మాట కొట్టేసి, ఎముక అని రాసి, పక్కన సంతకం చేశాను.

బయటికి వచ్చాక మేస్త్రి అన్నారు: “గీత సక్కగనే గీసినవ్ అమ్మా. పేరు పెట్టేకాడనే తొందరపడ్డవ్.”

మరుసటి రోజు రిజిస్టరులో ఇంకొక గడి గీసి, పైన ‘చేసేవారి మాట’ అని రాశాను. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా ఆ గడి ఉంచాను. అంతే తప్ప, తప్పయిందని ఆయనతో నోటితో ఎన్నడూ అనలేదు. ఆయనా అడగలేదు. నలభై ఏళ్ళకు పైగా రంజానుకు ఫోన్ చేసేదాన్ని. ఆరోగ్యం, పిల్లలు, వానలు మాట్లాడుకునేవాళ్ళం.

మేం ఒమాన్ వదిలి వచ్చేటప్పుడు ఆయన ఒంటె కాలి ఎముకతో చేసిన రూళ్ళకర్ర ఇచ్చారు. “బొక్క మన మాట ఇనదు, దాని మాట మనమే ఇనాలె” అన్నారు. ఈనాటికీ గడులు దానితోనే గీస్తాను. మనవలను ముట్టుకోనివ్వను.

మంగళవారం ఫోన్ పెట్టాక దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండకు కాస్త వంచి చూశాను. ఇన్నేళ్ళ వాడకంతో అంచులు పసుపెక్కాయి. నడుమ సన్నని నల్ల చారలు, నెత్తురు నడిచిన దారులు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అలాగే ఉన్నాయి.